మట్టితో మాట, 5వ విడత: గట్టిగా కొట్టిన రేగడి ఎందుకు పొంగుతుంది

ముందు పోయిన విడతలో ఇచ్చిన లెక్క చూద్దాం: రేగడి పొడిని ఒక జాడీలో కిరోసిన్‌లో, ఇంకో జాడీలో నీళ్లలో వేసి, ఎంత శాతం ఉబ్బిందో తేల్చమన్నాను. పది గ్రాముల రేగడి పొడి కిరోసిన్ జాడీలో 11 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగింది. నీళ్ల జాడీలో 24 గంటలకు 20 దాకా లేచింది. తేడా 9. దాన్ని 11తో భాగించి వందతో గుణిస్తే దాదాపు 82 శాతం. మట్టిని వర్గీకరించే భారత ప్రమాణం ఐఎస్ 1498 పట్టిక ప్రకారం 50 లోపైతే ఉబ్బు తక్కువ, 50 నుంచి 100 దాకా మధ్యస్థం, 100 దాటితే ఎక్కువ, 200 దాటితే మరీ ఎక్కువ. మన మట్టి మధ్యస్థం కిందికి వస్తుంది. 20తో భాగించి 45 తెచ్చుకున్నవాళ్లు మళ్లీ చేయండి. రేగడి కిరోసిన్‌ను తాగదు, అందుకే దాని కొలతే మనకు ఆధారం.

ఈ పరీక్షలో ఒక లోపం ఉంది. జాడీలో వేసింది వదులు పొడి. సైటులో మట్టి అలా ఉండదు. దాన్ని పరిచి, నీళ్లు చల్లి (చల్లితే), రోలర్ తిప్పి, దిమ్మిస కొట్టి అణచేస్తాం. అదే 82 శాతం మట్టి, మనం కొట్టిన తీరును బట్టి, ఒక ఇంట్లో బండలు లేపుతుంది, పక్కింట్లో నోరు మెదపకుండా పడుంటుంది. ఆ తేడా ఎక్కడిదో పట్టుకోవడమే ఈ విడత పని.

దీన్ని నేను చదువుకునే రోజుల్లోనే పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తలకెక్కింది మాత్రం హన్మకొండ శివార్లలో ఒక ఇంటి బేస్‌మెంట్ దగ్గర. ఉద్యోగంలో కొత్త, ఏప్రిల్ నెల. పునాది గుంతలు తవ్వితే నల్లరేగడి వచ్చింది. వరంగల్ చుట్టుపక్కల ఇది మామూలే. మెరకల మీద ఎర్ర చెలక, పల్లంలో, చెరువుల కింద రేగడి. ఒకే ప్లాటులో ఈ మూల ఒకటి, ఆ మూల ఇంకొకటి ఉన్నా ఆశ్చర్యపోవద్దు. ఆదిలాబాద్ వైపు పోతే ఇక పత్తి చేలన్నీ నల్లగానే ఉంటాయి.

తవ్విన మట్టి పక్కనే కుప్పగా ఉంది. మొరం తెప్పించాలంటే ట్రాక్టర్ ట్రిప్పుకింత అని కట్టాలి. "గింత మట్టి ఇంటి ముందట వెట్టుకొని మళ్ల మొరం కొనుడేంది సార్?" అన్నాడు ఇంటాయన. నాకూ నిజమే అనిపించింది. కంపాక్షన్, అంటే మట్టిని కొట్టి గట్టిపరిచే పని, నేను చూసుకుంటానని మాటిచ్చాను. ఎండకు గడ్డలు రాళ్లలా అయ్యాయి. వాటర్ ట్యాంకర్ ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. ఆగలేక అలాగే పొరలు పోయించి, మెషీన్‌తో రోజంతా కొట్టించాను. సాయంత్రం ఇనుప చువ్వ గుచ్చి చూస్తే రెండు అంగుళాలు కూడా దిగలేదు. నాకు సంబరం. మేస్త్రీ మాత్రం చువ్వ వైపు చూడకుండా చేతిలో ఉన్న మట్టి నలిపి, "గట్టిగనే ఉన్నది సార్. గని దప్పిక మీదున్నది" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మే నెలలో తాండూరు బండలు పరిచారు. ఆగస్టులో ఫోన్ వచ్చింది. హాలు నడుమ బండలు బోర్లించిన మూకుడులా లేచాయి. బాత్‌రూమ్ వైపు గది తలుపు సగం తెరుచుకుని నేలకు రాసుకుంటోంది. గోడలకు ఏమీ కాలేదు, వాటి పునాది ఈ మట్టిని దాటి లోతుకు దిగి ఉంది. పొంగింది నేను స్వయంగా నిలబడి కొట్టించిన రెండడుగుల మట్టి. దాన్నంతా తవ్వి బయట పోసి మొరం నింపాం. ఆ ఖర్చులో సగం నేను భరించాను. ఇంటాయన వద్దనలేదు.

ఇక విషయంలోకి. మొదటి విడతలో చెప్పుకున్నదే ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు: రేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం అప్పడాల కట్టలా పలుచటి రేకులు రేకులుగా ఉంటుంది. రేకుల మధ్య పట్టు బలహీనం. నీళ్లు ఆ సందుల్లోకి దూరి రేకులను ఎడం చేస్తాయి. ఎర్రమట్టిలో ఎక్కువగా కనిపించే కయొలినైట్ రేకులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీళ్లను మధ్యలోకి రానివ్వవు. అందుకే చెలక అంతగా పొంగదు. కంపాక్షన్ వల్ల ఈ రేకుల గుణం మారదు. ఎంత పెద్ద రోలర్ తెచ్చినా మాంట్‌మోరిల్లోనైట్ కయొలినైట్ అయిపోదు. మారేవి మూడు: ఒక ఘనపు మీటరులో ఎన్ని రేకులు కుక్కాం, కుక్కేటప్పటికి అవి ఎంత నీరు తాగి ఉన్నాయి, ఎలా పేర్చుకుని ఉన్నాయి.

ప్రాక్టర్ గీతకు రెండు వైపులు

అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో మట్టికట్టలు కట్టే పనిలో ఉన్న ప్రాక్టర్ అనే ఇంజనీర్ 1933లో ఒక సంగతి పత్రికలో రాశాడు. ఒకే మట్టిని, ఒకే దెబ్బలతో, వేర్వేరు నీటి శాతాలతో కొట్టి చూస్తే, నీరు పెరిగే కొద్దీ సాంద్రత మొదట పెరుగుతుంది, ఒక చోట శిఖరం చేరి మళ్లీ తగ్గుతుంది. మొదట్లో నీరు నూనెలా పనిచేసి రేణువులు సర్దుకోవడానికి సాయపడుతుంది. శిఖరం దాటాక ఆ నీరే చోటు ఆక్రమిస్తుంది. శిఖరం దగ్గరి నీటి శాతాన్ని సైట్లలో ఓఎంసీ అంటారు, అక్కడి పొడి సాంద్రతను (నీటి బరువు వదిలేసి లెక్కించే సాంద్రతను) ఎండీడీ అంటారు. మన దగ్గర దీన్ని ఐఎస్ 2720, 7వ భాగం ప్రకారం చేస్తారు: 1000 సీసీ అచ్చు, 2.6 కిలోల దిమ్మిస, 31 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, మూడు పొరలు, పొరకు 25 దెబ్బలు. మంచి మొరానికి ఓఎంసీ సాధారణంగా పది శాతానికి అటూ ఇటూ, ఎండీడీ సీసీకి రెండు గ్రాములకు దగ్గరగా వస్తుంది. నల్లరేగడికి ఓఎంసీ 20 పైనే ఉంటుంది, ఎండీడీ 1.4 నుంచి 1.6 మధ్య.

అందరూ శిఖరాన్ని గుర్తుపెట్టుకుంటారు, వాలులను మరిచిపోతారు. గీత గుట్టలా ఉంటుంది కాబట్టి ఒకే సాంద్రత రెండు చోట్ల దొరుకుతుంది. మన మట్టి ఎండీడీ 1.5, ఓఎంసీ 24 అనుకోండి. ఆ ఎండీడీలో 95 శాతం అంటే దాదాపు 1.43. ఇది 18 శాతం నీటి దగ్గరా రావచ్చు, 29 దగ్గరా రావచ్చు. రిపోర్టులో రెంటికీ "95 శాతం, పాస్" అనే రాస్తారు. మట్టికి మాత్రం ఆ రెండూ రెండు పుట్టుకలు.

ఎండ వైపు, అంటే ఓఎంసీకి తక్కువ నీటితో కొట్టిన మట్టిలో రేకులు పేకమేడలా ఉంటాయి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకదాని అంచు ఇంకొకదాని నడుమకు ఆనుకుని. చిన్న చిన్న ఉండలుగా కట్టి, ఉండల మధ్య సందులు మిగులుతాయి. తడి వైపు కొడితే రేకులు జారి, కట్టలో పేర్చిన పేక ముక్కల్లా ఒకే వాటంగా పడుకుంటాయి. అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన లాంబ్ 1958లో ఈ బొమ్మను వివరించాడు. తర్వాత వచ్చిన పరిశోధనలు దానికి మార్పులు చేర్చాయిగానీ సైటులో నిర్ణయాలకు ఇప్పటికీ ఈ బొమ్మ సరిపోతుంది.

ఇప్పుడు వాన పడిందనుకోండి. పేకమేడ మట్టికి రెండు కారణాల వల్ల ఎక్కువ పొంగు. అది తాగాల్సిన నీరు ఇంకా బోలెడు మిగిలి ఉంది, ఆ ఉండల మధ్య సందులు నీటికి దారి కూడా ఇస్తాయి. తడి వైపు కొట్టిన మట్టి ముందే తాగేసి ఉంది. కొత్తగా తాగేది కొంచెం, అదీ మెల్లగా. మా మేస్త్రీ దప్పిక అన్నది దీన్నే. పుస్తకాల్లో దీనికి సక్షన్ అని పేరు. ఆ మాట నాకు అప్పటికే తెలుసు, చేతిలోని మట్టిలో దాన్ని గుర్తుపట్టడమే తెలియలేదు.

సాంద్రత సంగతి లెక్కలో చూస్తేనే బాగా అర్థమవుతుంది. కాగితం తీసుకోండి.

ఒక కిలో ఎండు మట్టి తీసుకుందాం. రేణువుల విశిష్ట సాంద్రత 2.7 అనుకుంటే రేణువులు మాత్రమే ఆక్రమించే చోటు 1000 బై 2.7, అంటే 370 సీసీ. దీన్ని 1.6 సాంద్రతకు కొడితే మొత్తం ఘనపరిమాణం 1000 బై 1.6, అంటే 625 సీసీ. ఖాళీలు 255. అదే 1.4కు కొడితే మొత్తం 714, ఖాళీలు 344. ఇప్పుడు నేల కింద, తక్కువ బరువు కింద, ఈ మట్టి తాగి తాగి 35 శాతం నీటి దగ్గర తృప్తి పడుతుందనుకుందాం. కిలోకు 350 సీసీ నీరు. రేణువుల 370 కలిపితే 720 సీసీ. 714 దగ్గర ఉన్న మట్టి 720కి చేరడానికి ఒక శాతం కూడా పెరగనక్కర్లేదు. 625 దగ్గర ఉన్నది 95 సీసీ పెరగాలి, అంటే 15 శాతం. రెండడుగుల ఫిల్లింగ్‌లో, 60 సెంటీమీటర్లు అనుకుంటే, మొదటిది అర సెంటీమీటరు, రెండోది 9 సెంటీమీటర్లు.

నిజంగా 9 సెంటీమీటర్లు లేస్తుందా అంటే, చాలాసార్లు లేవదు. లోపలిదాకా నీరు సమానంగా చేరదు, గోడలు కొంత పట్టి ఉంచుతాయి, అడుగు పొరల మీద పై పొరల బరువు ఉంటుంది. ఆ 35 కూడా స్థిరమైన అంకె కాదు, బరువును బట్టి, మొదటి నీటి శాతాన్ని బట్టి మారుతుంది. అయినా లెక్క ఎటు చూపిస్తోందో చూడండి. మట్టి చివరికి చేరాలనుకునే చోటు దాదాపు ఒకటే. ఎంత లోతుకు అణిచి పెట్టామో, అంత పైకి లేవాలి.

"అణిచి పెట్టడానికి పైన ఫ్లోరింగ్ ఉంది కదా" అంటారు. పది సెంటీమీటర్ల కాంక్రీటు బరువు చదరపు మీటరుకు 240 కిలోలు. బండలు, సామాన్లు కలిపినా అర టన్ను దాటడం కష్టం. ఎండ వైపు గట్టిగా కొట్టిన రేగడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడితో నెట్టడం అరుదేమీ కాదు. అంటే చదరపు మీటరుకు పది టన్నులు. ఫ్లోరింగ్ దాని మీద దుప్పటి కప్పినట్టే. రెండు మూడంతస్తుల ఇంటి పునాదుల కింద సంగతి వేరు, అక్కడ బరువు గట్టిగా కూర్చుంటుంది. అందుకే మన దగ్గర ముందు దెబ్బతినేవి బేస్‌మెంట్ నేల, కాంపౌండ్ గోడ, మెట్లు, వాకిట్లో వేసిన గచ్చు. బరువు తక్కువున్నవన్నీ.

ఈ కారణంగానే కేంద్ర రవాణా శాఖ రోడ్డు పనుల స్పెసిఫికేషన్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. మామూలు మట్టికట్టకు కంపాక్షన్ 95 శాతానికి తగ్గకూడదు అంటారు. ఉబ్బే బంకమట్టి వాడాల్సి వస్తే 90కి తగ్గకూడదు అంటారు. సబ్‌గ్రేడ్‌లోనూ (రోడ్డు పొరలకు సరిగ్గా కింద ఉండే మట్టి పొరలో), దాని కింద అర మీటరులోనూ అసలు వాడనివ్వరు. కిరోసిన్ పరీక్షలో 50 శాతం దాటిన మట్టిని ఫిల్లింగ్‌కే తీసుకోవద్దంటారు. ఎక్కువ గట్టి చేయడమే మంచిదని నమ్మేవాళ్లకు ఆ 90 అంకె అచ్చుతప్పులా కనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

తడి వైపు కొడితే అంతా బాగేనా?

కాదు. ఇక్కడే చాలామంది రెండో గోతిలో పడతారు. తడి వైపు కొట్టిన మట్టి పొంగు తక్కువ, కానీ ఎండితే ముడత ఎక్కువ.

అదే కిలో మట్టితో చూడండి. ముడత ఆగిపోయే హద్దు, మూడో విడతలో ష్రింకేజ్ లిమిట్ అని చెప్పుకున్నది, ఈ మట్టికి 12 శాతం అనుకుందాం. 14 శాతంతో కొట్టిన మట్టి ఎండుతూ ఆ హద్దు చేరేలోపు కోల్పోయేది 20 సీసీ నీరు. 30 శాతంతో కొట్టింది 180 సీసీ కోల్పోతుంది. పోయిన నీరంతా ముడతగా మారదుగానీ చాలా భాగం మారుతుంది. పైగా ఒకే వాటంగా పడుకున్న రేకులు దగ్గరికి జరగడం తేలిక. పేకమేడలో ఒకదాన్నొకటి అడ్డుకునే రేకులకు అంత తేలిక కాదు.

కాబట్టి ఎటు కొట్టాలన్నది ఆ మట్టి ముందు ముందు ఎక్కడ బతకబోతోందో చూసి తేల్చాలి. ఇంటి నేల కింద పోస్తే పైన కప్పు ఉంటుంది, ఎండ తగలదు, నీరు ఆవిరై పోయే దారి లేదు. కాలం గడిచే కొద్దీ నడుమ తేమ పెరుగుతుందే తప్ప తగ్గదు. అక్కడ భయం పొంగు గురించి, తడి వైపు మేలు. చేను గట్టు, కుంట కట్ట, తెరిచి ఉన్న కాలువ ఒడ్డు లాంటివి యాసంగి అయిపోయాక మే ఎండలో మాడతాయి. తడిగా కొట్టి అలా వదిలేస్తే నెర్రెలు బారతాయి. వానాకాలం మొదటి నీరు తిన్నగా ఆ నెర్రెల్లోకి దిగుతుంది. ఆదిలాబాద్ పత్తి చేలలో ఎండాకాలం చెయ్యి పట్టే నెర్రెలు చూసినవాళ్లకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అలాంటి చోట ఓఎంసీకి ఒకటి రెండు శాతం మించకుండా కొట్టి, పైన ఉబ్బని మట్టి ఒక పొర కప్పడం ఉత్తమం.

ఇంకో చేదు నిజం. మట్టి పొంగడం, ముడుచుకోవడం ఒకసారితో అయిపోదు, ఏటా జరుగుతుంది. ప్రయోగశాలల్లో ఒకే ముక్కను తడిపి, ఎండబెట్టి, మళ్లీ తడిపి చూస్తే నాలుగైదు విడతలకల్లా అది తనకంటూ ఒక వరస పట్టేస్తుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ లేచేది, దిగేది దాదాపు సమానం. మొదట్లో ఎండ వైపు కొట్టామా, తడి వైపు కొట్టామా అన్న జ్ఞాపకం చాలావరకు చెరిగిపోతుంది. అంటే మన కంపాక్షన్ జాగ్రత్త ఎక్కడ తేమ స్థిరంగా ఉంటుందో అక్కడే నిలుస్తుంది. ఇంటి అంచుల్లో, చూరు నీళ్లు పడేచోట, గోడకు ఆనుకుని వేపచెట్టు పెట్టిన చోట అది రెండు మూడేళ్ల ముచ్చటే. అందుకే ఇంటి చుట్టూ మూడు నాలుగడుగుల వెడల్పు గచ్చు, బయటికి వాలుగా, పగుళ్లు లేకుండా ఉండాలని పోరుతుంటాను. దానికి పెట్టే డబ్బు ఎవరికీ ఇష్టముండదు, గేటు డిజైన్‌కు మాత్రం వెనకాడరు.

ఇంట్లో చేసే ప్రయోగం

ఈ విడతకు అసలు పని ఇదే. చదివి వదిలేస్తే నాలాగే అవుతారు. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క తెచ్చి 10 సెంటీమీటర్ల పొడవున నాలుగు ముక్కలు కోయించండి. లోపలి వ్యాసం పది సెంటీమీటర్లు అనుకుని లెక్క చెబుతున్నాను, మీది కొలిచి మార్చుకోండి. ఒక్కో అచ్చులో 5 సెంటీమీటర్ల ఎత్తు మట్టి పడుతుంది, అంటే 393 సీసీ.

రేగడిని ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, పిండి జల్లెడ కాకుండా కాస్త పెద్ద కన్నాల జల్లెడ పట్టండి. ఎండలో ఆరిన రేగడిలో కూడా నీరు దాగి ఉంటుంది. వంద గ్రాములు తీసి పాత పెనంలో ఇసుక పోసి, దాని మీద గిన్నె పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా సన్న సెగ మీద వేడి చేయండి. 93కి దిగిందనుకోండి. 7 బై 93, అంటే 7.5 శాతం నీరు. ఇది లెక్కలో కలపకపోతే తర్వాతివన్నీ తప్పుతాయి.

మూడు అచ్చులకు ఒకే సాంద్రత, 1.4. అంటే ఒక్కోదానికి 550 గ్రాముల ఎండు మట్టి. మన ఆరిన మట్టిలో అది 591 గ్రాములు, అందులో 41 గ్రాముల నీరు ముందే ఉంది. 14 శాతం కావాలంటే మొత్తం నీరు 77, కలపాల్సింది 36 గ్రాములు. 24 శాతానికి 91 గ్రాములు. 30 శాతానికి 124. నాలుగో అచ్చుకు 24 శాతం నీరే, సాంద్రత మాత్రం 1.2: ఎండు మట్టి 471 గ్రాములు. కలపాల్సిన నీరెంతో మీరే తేల్చండి. నీరు కలిపాక ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి ఒక రాత్రి ఉంచాలి. రేగడి నీటిని లోపలికి పంచుకోవడానికి టైం తీసుకుంటుంది, వెంటనే కొడితే పైన బురద, లోపల రాయి.

అచ్చు కింద తడి బట్ట పరిచిన టైల్ పెట్టి, మట్టిని రెండు భాగాలుగా వేసి, రోకలితో సరిగ్గా 5 సెంటీమీటర్లకు దిగేదాకా కొట్టండి. 14 శాతం ముక్కకు చేతులు నొప్పి పుడతాయి. పక్కింటివాళ్లు వచ్చి ఏం దంచుతున్నారని అడుగుతారు. తర్వాత పైన బట్ట ముక్క, దాని మీద అచ్చులో పట్టే డబ్బాలో ఇసుక నింపి కిలో బరువు పెట్టండి. అన్నిటికీ ఒకే బరువు. అచ్చు అంచు నుంచి డబ్బా పైభాగానికి ఉన్న ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకోండి. వెడల్పు టబ్బులో నాలుగూ పెట్టి, మట్టి మునిగేలా నీళ్లు పోయండి. గంటకోసారి మొదటి రోజు, తర్వాత పూటకోసారి, వారం పాటు కొలవండి.

14 శాతం ముక్క మొదటి గంటల్లోనే కదలడం చూస్తారు. వారం చివర అన్నిటికన్నా పైన ఉండేది అదే. 24 దాని తర్వాత, 30 శాతంది ఇంకా తర్వాత. నాలుగోది, వదులుగా కొట్టింది, రెండోదానికన్నా తక్కువ లేవాలి. రెండో దానితో సమానంగా లేస్తే మీరు దాన్ని 5 సెంటీమీటర్ల కన్నా లోతుకు కొట్టేశారని అర్థం.

ఇక్కడితో ఆపకండి. అదే కొలతలతో 14, 30 శాతాల ముక్కలు ఇంకో జత చేసి, నీళ్లలో పెట్టకుండా పైపులోంచి నెట్టి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పై చర్మం ముందు ఎండి పగిలిపోతుంది, కొలతకు పనికిరాదు. పది రోజుల తర్వాత వాటిని మళ్లీ పైపులో పెట్టి చుట్టూ ఎంత సందు వచ్చిందో చూడండి. తడి ముక్క చుట్టూ వచ్చే సందే మీ గోడకూ ఫిల్లింగ్‌కూ మధ్య మే నెలలో కనిపించే సందు.

సైటులో ల్యాబ్ లేకుండా తడి వైపు ఉన్నామో లేదో చూడటానికి మూడో విడతలో నేర్చిన దారం సాయపడుతుంది. మట్టి ముద్దను అరచేతి కింద 3 మిల్లీమీటర్ల దారంలా రుద్దినప్పుడు అప్పుడే విరగడం మొదలైతే అది ప్లాస్టిక్ లిమిట్ (మట్టి పగలకుండా మలచడానికి కావాల్సిన కనీస నీటి హద్దు) దగ్గర ఉంది. బంకమట్టికి ఓఎంసీ చాలాసార్లు దానికి కొంచెం తక్కువగా, దగ్గర్లోనే ఉంటుంది. కాబట్టి దారం అవుతోందంటే తడి వైపు ఉన్నట్టే. దారం రాకముందే పొడిపొడి అయితే ట్యాంకర్ వచ్చేదాకా ఆగండి. దారం పొడుగ్గా సాగి చేతికి అంటుకుంటే ఒక పూట ఆరనివ్వండి.

మెషీన్ సంగతి క్లుప్తంగా: ప్లేట్ వైబ్రేటర్ ఇసుకకు, మొరానికి బాగుంటుంది. బంకమట్టి పిసికితే దిగుతుంది, అదురుకు దిగదు. దానికి మేకులున్న షీప్‌ఫుట్ రోలర్ కావాలి, ఇంటి బేస్‌మెంట్‌లో అది పట్టదు కాబట్టి పలుచటి పొరలు, చేతి దిమ్మిస. కొట్టడం అయిన రోజే పైన తడి ఇసుకో మొరమో కప్పేయాలి. నాలుగు రోజులు ఏప్రిల్ ఎండకు వదిలేస్తే తడి వైపు కొట్టిన మట్టి ఎండ వైపుకు నడిచి వెళ్లిపోతుంది, మీ కష్టమంతా ఆవిరి.

ఇంత చెప్పాక నన్నెవరైనా "మా ఇంటి బేస్‌మెంట్‌లో రేగడే పోసి తడి వైపు కొట్టమంటారా?" అని అడిగితే, వద్దంటాను. మొరం దొరికే ఊళ్లో ఉండి రేగడితో పంతం ఎందుకు? ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ కట్టి ఉబ్బని బంకమట్టి పొర మీద ఏళ్ల తరబడి పనిచేసి, రేగడి మీద దాదాపు మీటరు మందాన అలాంటి పొర వేస్తే కింది పొంగు పైకి రాకుండా అణుగుతుందని చూపించారు. మన దగ్గర బంక ఉన్న మంచి ఎర్ర మొరం ఆ పనికి చాలాసార్లు కుదురుతుంది, కిరోసిన్ పరీక్ష చేసి చూసుకున్నాక. రేగడిని బాగుచేయడం అంటే సున్నం కలపడం. అది వచ్చే విడత.

ఈసారి అభ్యాసం. ములుగు రోడ్డు వైపు ఒక ఇంటి బేస్‌మెంట్, రేగడి ఫిల్లింగ్ అనుకోండి. వెయ్యి సీసీ కోర్ కట్టర్ (మట్టిని ఉన్నదున్నట్టు తీసే ఇనుప గొట్టం) దించి తీస్తే లోపలి మట్టి 1,780 గ్రాములు తూగింది. పెనం మీద ఎండబెడితే నీరు 14 శాతం తేలింది. ల్యాబ్ రిపోర్టులో ఓఎంసీ 23, ఎండీడీ 1.52. కాంట్రాక్టర్ "నూటికి నూరు దాటింది సార్, బండలు పరుస్తాం" అంటున్నాడు. అతని లెక్క తప్పు కాదు, చేసి చూడండి. అతనికి మీరేం చెబుతారో, ఆ మట్టిని ఏం చేయమంటారో నాలుగు వాక్యాల్లో రాసుకుని ఉంచండి. 35 శాతం దగ్గర తృప్తి పడుతుందనుకుని ఎంత లేవగలదో కూడా వేయండి.